వీపు లేని కుర్చీలు

రామబ్రహ్మం మాస్టారు దేనికైనా వీపు ఆనించి కూర్చోగా చందానగర్‌లో చూసినవాళ్ళు లేరు. బస్సులో, పెళ్ళి పందిట్లో, ఆఖరికి మంగలి షాపులో కూడా ఆయన వెన్ను కుర్చీకి బెత్తెడు ఎడంగానే ఉండేది. తెనాలి నుంచి కుర్రతనంలోనే వచ్చేసి, బొంబాయి రోడ్డు పక్కన ఒక మేడ మీద టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. చుట్టుపక్కల కాలనీల్లో గుమాస్తా ఉద్యోగం తెచ్చుకున్నవాళ్ళలో చాలామంది ఆయన దగ్గర టైపు పరీక్షల్లో లోయరో, హయ్యరో పాసైనవాళ్ళే. ఆయన ఎవర్నీ కొట్టేవారు కాదు. చెక్క స్కేలు పట్టుకుని వరసల వెనక మెల్లగా నడిచేవారు. ఎవరి నడుమైనా వంగితే ఆ స్కేలు వచ్చి వెన్నెముక మీద నిలువుగా ఆనేది. అంతే, కూర్చున్నవాళ్ళు ఉలిక్కిపడి నిటారుగా అయ్యేవారు.

"వేళ్ళు నేర్చుకోవడం తర్వాత. ముందు వెన్ను నేర్చుకోవాలి" అనేవారు.

తొంభైల చివరికొచ్చేసరికి ఎదురు వరసలోనే కంప్యూటర్ సెంటర్లు లేచాయి. మేడ మెట్లెక్కే పిల్లలు తగ్గిపోయారు. ఉన్న మిషన్లను ఎవరో పాత ఇనుము వాళ్ళు తీసుకుపోయారు. మాస్టారు ఇంట్లో పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వెళ్ళే చోటు లేక వరండాలో కూర్చునేవారు. ఆయన భార్య రాజరాజేశ్వరి ఆ చొక్కా సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

అలాంటి రోజుల్లో శ్రావణి వచ్చింది. చందానగర్ పిల్లే, ఒకప్పుడు ఆయన దగ్గర హయ్యర్ పాసైంది. ఇప్పుడు మాదాపూర్‌లో కొత్తగా కట్టిన హైటెక్ సిటీలో ఒక కంపెనీలో పనిచేస్తోంది. అమెరికాలో డాక్టర్లు రోగుల గురించి మాట్లాడిన మాటలు ఇక్కడ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని టైపు చేసి పంపే కంపెనీ అది. కొత్తగా చేరేవాళ్ళకు శిక్షణ ఇప్పించే బాధ్యత ఆమెది.

"మాస్టారూ, మా పిల్లలకు ఇంగ్లీషు వస్తది. కంప్యూటర్ వస్తది. టైపింగే వస్తలేదు. రెండు వేళ్ళతోని కొడుతున్నరు. మీరు రావాలె" అంది.

"నాకు కంప్యూటర్ రాదమ్మా."

"కీబోర్డు అదే గద మాస్టారూ. మిగిలింది మేం చూసుకుంటం."

మాస్టారు ఒక్క రోజు కూడా గడువు అడగలేదు.

కీబోర్డు అదేగానీ మిగిలిందంతా వేరు. మౌసు పట్టుకుంటే తెరమీద బాణం ఎటో పారిపోయేది. ఒకసారి పిల్లల పరీక్ష కాగితమంతా తెరమీంచి మాయమైపోతే ఆయన మౌసు వదిలేసి చేతులు వెనక్కి తీసుకున్నారు. ముందు వరసలో కూర్చునే అమ్మణ్ణి అనే అమ్మాయి అది చూసి, ఎవరికీ తెలియకుండా లేచి వచ్చి పక్కన నిలబడింది. అనంతపురం నుంచి వచ్చి లింగంపల్లిలో స్థిరపడ్డ వాళ్ళ పిల్ల. సన్నగా, పొట్టిగా ఉంటుంది.

"ఈడ నొక్కండి మాస్టారూ. యాడికీ పోదు, ఈన్నే ఉంటాది" అని గుసగుసగా చెప్పి కాగితం తిరిగి తెప్పించింది. ఆ తర్వాత కూడా ఆయన తడబడినప్పుడల్లా ఏదో అనుమానం అడిగే నెపంతో వచ్చి సరిచేసి పోయేది. ఆ పిల్ల తన పరువు కాస్తోందని మాస్టారికి తెలుసు. తెలిసి కృతజ్ఞతతో పాటు కొంచెం చిన్నతనంగానూ ఉండేది.

ఆ హాలులో తనకు తెలిసినది ఏదీ లేదనే దిగులులో ఉండగా మేనేజరు మధుసూదన్ ఒకరోజు వచ్చాడు. అప్పటికే కొందరు అమ్మాయిలు మెడ నొప్పి, భుజం నొప్పి అని సెలవులు పెడుతున్నారు. ఆ చిరాకులో ఉన్నవాడు మాస్టారిని చూసి ఆగిపోయాడు.

"అందరూ ఇటు చూడండి! ఈ వయసులో మాస్టారు ఎలా కూర్చున్నారో చూడండి. మీరేమో ఇంట్లో టీవీ ముందు కూర్చున్నట్టు జారబడతారు, తర్వాత నొప్పులంటారు. మాస్టారూ, వీళ్ళకి కూర్చోవడం కూడా మీరే నేర్పండి."

హాలంతా ఆయనవైపు తిరిగింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి మాస్టారు రెండోసారి పెరుగన్నం అడిగి వేయించుకున్నారు. రాజరాజేశ్వరి ఆయన ముఖంలోకి చూసి, "ఏమిటండీ ఇవాళ?" అంది. "ఏం లేదు. అక్కడ కూడా పని ఉంది నాకు" అన్నారు.

మర్నాటి నుంచి ఆయన వరసల వెనక నడవడం మొదలుపెట్టారు. చేతిలో స్కేలు లేదన్న మాటేగానీ నడక అదే. కుర్చీ అంచున కూర్చోవాలి. వీపు దేనికీ తగలకూడదు. మోచేతులు పక్కలకు అంటుకుని ఉండాలి. పిల్లలు ఆయన ముందు అలాగే కూర్చునేవారు, ఆయన అటు తిరగగానే వెనక్కి వాలేవారు. ఒకరోజు ఆయన హఠాత్తుగా వెనక్కి తిరిగేసరికి వరస మొత్తం వాలిపోయి ఉంది. ఎవరో కిసుక్కున నవ్వారు.

మాస్టారు హాలు దాటి బయటికి నడిచారు. శ్రావణి దగ్గరికి వెళ్ళి, "శిక్షణ హాల్లో కుర్చీలకు వీపులు తీయించేద్దామమ్మా. ఆనుకునే చోటు ఉంటే కదా ఆనుకోవడం!" అన్నారు.

శ్రావణి నమ్మలేనట్టు చూసింది. "వీపులు తీసేసుడెందుకు మాస్టారూ? పొద్దస్తమానం కూసుంటరు పిల్లలు."

"నీ వెన్ను నేను నిలబెట్టానా లేదా?"

ఆమె తల వంచుకుని, మధుసూదన్‌ను అడుగుతానంది. మధుసూదన్ విని, మంచి ఆలోచనే అని నవ్వాడు. ఆఫీసులో మరమ్మతులు చూసే చంద్రయ్య స్పానరు తెచ్చి ఒక్కో కుర్చీకీ మరలు విప్పాడు. నల్లటి వీపులన్నీ స్టోరు గదిలో ఒకదాని మీద ఒకటి చేరాయి. హాల్లో పీటలకు చక్రాలు పెట్టినట్టు కుర్చీలు మిగిలాయి. ఆ రోజు హాలంతా నిటారుగా ఉంది. మాస్టారికి తన మేడ మీది గది తిరిగి వచ్చినట్టనిపించింది.

నెమ్మదిగా ఆయన ఒంట్లోనే ఏదో తేడా మొదలైంది. టైపు మిషను దగ్గర ఒక బ్యాచి అంటే గంటసేపు. కాగితం ఎక్కించడం, లీవరు తోయడం, తీయడం, ఇలా చేతులూ భుజాలూ కదులుతూనే ఉండేవి. ఇక్కడ వరసల వెనక నడిచే ఆ కాసేపు తప్ప, పిల్లల పరీక్షలు దిద్దుతూ పొద్దుటినుంచి సాయంత్రందాకా తెర ముందే. పైగా కంప్యూటరు పెట్టె బల్లమీద అడ్డంగా పడుకోబెట్టి, దాని మీద మానిటరు ఎక్కించారు. ఆయన కళ్ళద్దాలు రెండు ముక్కలవి. దగ్గరి అక్షరాలు చదవాలంటే కింది ముక్కలోంచి చూడాలి. అంత ఎత్తున ఉన్న తెరను కింది ముక్కలోంచి చూడాలంటే గడ్డం పైకెత్తాలి. రోజంతా ఆకాశం వైపు చూస్తున్నవాడిలా కూర్చునేసరికి మెడ కొయ్యబారి, కుడి చెయ్యి తిమ్మిరెక్కేది.

"మెడకేమైందండీ? తల తిప్పకుండా మనిషంతా తిరుగుతున్నారు" అంది రాజరాజేశ్వరి.

"కంపెనీ వ్యాను కుదుపులు. కొండాపూర్ రోడ్డంతా బండలు పేలుస్తున్నారు" అన్నారాయన. ఆమె అమృతాంజనం తెచ్చి రాసింది.

హాలు వెనక ఆయనకు చిన్న గది ఇచ్చారు. అందులో కుర్చీకి వీపు అలాగే ఉంది. దాన్ని తీయాలని ఎవరికీ తోచలేదు. ఆయనా చెప్పలేదు. ఒక మధ్యాహ్నం నొప్పి ఓర్చుకోలేక తలుపు దగ్గరగా వేసి, ఒక్క క్షణమని వెనక్కి వాలారు. ఆ మెత్తటి ఆనిక నడుముకు తగలగానే కళ్ళలో నీళ్ళు తిరిగినంత హాయిగా అనిపించింది. తర్వాత అది రోజూ జరగసాగింది. భోజనం కాగానే తలుపు వేసుకుని, జారబడి, కాళ్ళు చాపుకుని ఉండేవారు. లేచి, చొక్కా సర్దుకుని, హాల్లోకి వచ్చి, "ఊఁ, వెన్ను! వెన్ను!" అనేవారు.

అలా వాలి ఉండగానే ఒకరోజు తలుపు తెరుచుకుంది. అమ్మణ్ణి.

ఆ పిల్ల గుమ్మంలోనే ఆగిపోయింది. మాస్టారు తుళ్ళిపడి లేవబోయారు. కుర్చీ చక్రాల మీద వెనక్కి జరిగి గోడకు కొట్టుకుంది. అమ్మణ్ణి చూపు కుర్చీ వీపు మీద నిలిచి, చప్పున నేలమీదికి దిగింది. తప్పు చేసింది తానేనన్నట్టు.

"తలుపు కొట్టి రావాలని తెలీదా?" అన్నారు మాస్టారు. తన గొంతు అంత గట్టిగా ఎప్పుడూ వినలేదాయన.

"కొట్టినా మాస్టారూ. మీకు ఇనపడలేదేమో."

"ఏం కావాలి?"

"నడుము శానా నొస్తాంది. కాలు కూడా లాగుతాంది. ఈ పూట కొంచేపు గోడకు ఆనుకోని కూచోవచ్చా అని..."

ఆయనకు జాలి కలిగింది. దానికంటే ముందు భయం కలిగింది. ఇప్పుడు సరే అంటే, తనకూ నొప్పేనని ఒప్పుకున్నట్టవుతుంది.

"మొదట్లో అందరికీ అంతే. వెళ్ళు. వెళ్ళి కూర్చో. సరిగ్గా కూర్చో" అన్నారు.

"సరే మాస్టారూ" అని అమ్మణ్ణి తలుపు మెల్లగా వేసి వెళ్ళింది. తలుపు చప్పుడు కాకుండా వేయడం ఆయనకు చెంప మీద కొట్టినట్టయింది.

ఆ సాయంత్రమే వ్యాను ఎక్కడానికి అందరూ లేస్తుండగా అమ్మణ్ణి లేవలేకపోయింది. సగం లేచి, బల్ల అంచు పట్టుకుని, అలాగే వంగిపోయి కేక పెట్టింది. శ్రావణి పరుగెత్తుకొచ్చి పట్టుకుంది. ఇద్దరు అమ్మాయిలు చెరో పక్కన పట్టి మోసినట్టుగా కిందికి తీసుకుపోయి దవాఖానకు తరలించారు. మాస్టారు తన గది గుమ్మంలో నిలబడి ఉన్నారు. పక్కనుంచి వెళ్తూ ఆ పిల్ల నొప్పిలో కూడా ఆయనవైపు చూడకుండా తల పక్కకు తిప్పుకుంది.

కండరాలు పట్టేశాయని, కొన్నాళ్ళు కదలకుండా పడుకోవాలని డాక్టర్లు చెప్పారు. ప్రమాదమేమీ లేదన్నారు. అయినా శ్రావణికి మనసు ఊరుకోలేదు. ఆ దవాఖానలో వ్యాయామ చికిత్స చేసే వెంకటరమణ అనే డాక్టరును బతిమాలి ఆఫీసుకు తీసుకొచ్చింది. మధుసూదన్, మాస్టారు, పిల్లలు అందరూ హాల్లో ఉన్నారు.

డాక్టరు గుమ్మంలోనే ఆగి కుర్చీల వంక చూశాడు. "వీటికి వీపులు ఏమయ్యాయి?"

వెనక వరసలో ఒక అమ్మాయి మాస్టారి వైపు చూసి తల దించుకుంది. మధుసూదన్ సెల్‌ఫోను బయటికి తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు.

"మేమే తీయించినం సార్" అంది శ్రావణి. "ట్రెయినింగ్ నా చేతిలనే ఉంటది. నాదే పొరపాటు."

మాస్టారి నాలుక పైకి లేచింది. లేచి అక్కడే ఆగిపోయింది. ఒక్క మాట చాలు, "నేనండీ" అంటే చాలు. ఆ మాట రాలేదు.

"ఇది పొరపాటు కాదమ్మా, శిక్ష" అన్నాడు డాక్టరు. "మనిషి వెన్ను రోజంతా ఒంటరిగా బరువు మొయ్యలేదు. అందుకే కుర్చీకి వీపు పెట్టారు. నడుముకు ఆనేట్టు కూర్చోవాలి, మధ్యమధ్య లేచి నాలుగడుగులు వెయ్యాలి."

తర్వాత డాక్టరు ఒక అమ్మాయిని కూర్చోబెట్టి చూపించాడు. బల్ల ఎత్తు ఎక్కువై కీబోర్డు కోసం భుజాలు పైకి లేస్తున్నాయి. కుర్చీ ఎత్తితే పాదాలు గాల్లో ఉంటున్నాయి. అందుకని కుర్చీ ఎత్తి, పాదాల కింద చెక్క పెట్టాలన్నాడు. కంప్యూటరు పెట్టె కిందికి దించి మానిటరు బల్లమీదే పెట్టించాడు. ఆ అమ్మాయి భుజాలు దిగి ముఖం తేటపడడం అందరికీ కనిపించింది. మాస్టారు తన అద్దాలు తుడుచుకుంటుంటే డాక్టరు అటు తిరిగాడు.

"పెద్దాయనా, మీవి రెండు ముక్కల అద్దాలు కదా. తెర పైకి ఉంటే మీకు మెడ పట్టెయ్యాలే! నొప్పి లేదూ?"

హాల్లో అందరూ ఆయన జవాబు కోసం చూశారు.

"లేదండి" అన్నారు మాస్టారు.

డాక్టరు వెళ్ళాక మధుసూదన్ శ్రావణిని తన గదిలోకి పిలిచి మాట్లాడాడు. అద్దాల గోడ వెనక ఆమె చేతులు కట్టుకుని నిలబడి ఉండడం మాస్టారు చూశారు. బయటికి వచ్చినప్పుడు ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆయన దగ్గరికి వెళ్ళబోతే, "ఏం ఫికర్ చేయకుండ్రి మాస్టారూ" అని చప్పున అనేసి వెళ్ళిపోయింది.

ఆదివారం ఆయన లింగంపల్లి వెళ్ళారు. స్టేషను వెనక సందులో రెండు గదుల ఇల్లు. అమ్మణ్ణి తల్లి చెన్నమ్మ ఆయన్ని చూడగానే కొంగు సర్దుకుని, ఉన్న ఒక్క కుర్చీని తుడిచి వేసింది.

"రాండి సార్, రాండి. మా పాప ఎప్పుడూ మీ మాటే. ఇంత పెద్దోరు మా ఇంటికి రావడమే..."

లోపల చాప మీద అమ్మణ్ణి పక్కకు తిరిగి పడుకుని ఉంది. ఆయన గొంతు విని లేవబోయి, పళ్ళు బిగించి మళ్ళీ వాలింది.

"లేవకమ్మా" అన్నారు మాస్టారు. ఆయన కుర్చీ పక్కన నిలబడే ఉన్నారు.

"కూచోండి సార్" అంది చెన్నమ్మ. "దీనికి నేను అప్పుడే చెప్పినా. సార్ చెప్పినట్ల సక్కంగా కూచోమని. ఇది ఇంట్లో గూడా గూనిబోయి చదువుతాది. మీరు అంత మంచిగా నేర్పిస్తే, ఇనకుండా సొంతంగా చేసుకున్న ఖర్మ సార్ ఇది. మీకు గూడా మాట వచ్చింటాది దీనివల్ల."

మాస్టారు అమ్మణ్ణి వైపు చూశారు. ఆ పిల్ల కళ్ళు మూసుకుని ఉంది. అంటే ఈ పిల్ల ఇంట్లో ఏమీ చెప్పలేదు. గది సంగతీ, ఆ కుర్చీ సంగతీ, గోడకు ఆనుకుంటానంటే తాను ఏమన్నదీ. తల్లి తిట్లన్నీ తనమీదే వేసుకుని పడుకుంది.

"ఆ పిల్ల విందమ్మా" అన్నారాయన. "నేను చెప్పింది ఒక్కటీ తప్పకుండా విన్నది. అందుకే పడిపోయింది. కుర్చీలకు వీపులు తీయించింది నేను. నొప్పిగా ఉందని నా దగ్గరికొచ్చి అడిగింది. అప్పుడు నేను నా కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాను. వాలి ఉండి, నువ్వు వెళ్ళి నిటారుగా కూర్చో అని పంపేశాను."

చెన్నమ్మ చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. "మీకు నొప్పి పుట్టినాదా సార్?" అని అడిగింది.

"పుట్టింది."

"మరి దానికి పుట్టదా?"

ఆమె గట్టిగా అనలేదు. అడగడమే అడిగింది. మాస్టారు తల వంచుకున్నారు. చెన్నమ్మ వంటింట్లోకి వెళ్ళింది. టీ తెచ్చింది, ఇచ్చింది. ఇంకోసారి కూర్చోమని మాత్రం అనలేదు. ఆయన నిలబడే టీ తాగారు. వెళ్తున్నానని చెప్పినప్పుడు అమ్మణ్ణి కళ్ళు తెరిచి, "ఎండ ఉంది మాస్టారూ, నిదానంగా పోండి" అంది. ఆ మాటకు ఆయన సందు చివరి దాకా తల ఎత్తలేకపోయారు.

సోమవారం మధుసూదన్ గదికి వెళ్ళి, "తప్పు శ్రావణిది కాదండీ, నాది" అని చెప్పారు. మధుసూదన్ కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండానే, "అయిపోయింది కదా మాస్టారూ, వదిలేయండి" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. తర్వాత శ్రావణి దగ్గరికి వెళ్ళి అదే చెప్పారు. ఆమె, "నేను అప్పుడే గట్టిగ అనాల్సింది మాస్టారూ. మీకు భయపడ్డ. ఇంత పెద్దదాన్నైనంక గూడ" అంది. ఆయన ఆ మాటకు సిద్ధంగా లేరు. తన మేడ మీది గదిలో అన్నేళ్ళూ తాను నేర్పింది వెన్ను ఒక్కటే అనుకున్నారు.

చంద్రయ్యతో పాటు స్టోరు గదిలోంచి వీపులు తానూ మోసుకొచ్చి, తానే మరలు బిగించారు. పిల్లలు సాయం వస్తామంటే వద్దన్నారు. తన మానిటరు కిందికి దింపించుకున్నారు. మెడ నొప్పి ఉందని డాక్టరు దగ్గరికి వెళ్ళి చెప్పి, అద్దాలు మార్పించుకున్నారు. హాల్లో అందరి ముందూ కుర్చీకి ఆనుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. ఆ మెత్తటి ఆనిక తగిలినా ముందటి హాయి రాలేదు. ఎవరో గుమ్మంలో నిలబడి చూస్తున్నట్టే ఉండేది.

అమ్మణ్ణి నడుముకు పట్టీ వేసుకుని తిరిగి వచ్చింది. తోటి పిల్లలు చుట్టూ చేరి పలకరించి, ఎవరి చోట్లకు వాళ్ళు వెళ్ళాక మాస్టారు ఆమె దగ్గరికి వచ్చారు. ఏమీ చెప్పకుండా నేలమీద మోకాళ్ళు ఆనించి, కుర్చీ కింద ఉన్న లీవరు కోసం చెయ్యి చాపారు.

"అయ్యో, మాస్టారూ, లేయండి!" అమ్మణ్ణి కంగారుగా కాళ్ళు వెనక్కి లాక్కుంది. హాల్లో కీబోర్డుల చప్పుడు ఒక్కసారిగా తగ్గింది. "మీరు కింద కూచునేదేంది! చంద్రయ్యని పిలుస్తా."

"కూర్చోమ్మా" అన్నారాయన తల ఎత్తకుండా. "వెనక్కి జరిగి, నడుము ఆనేట్టు కూర్చో. పాదాలు ఈ చెక్క మీద పెట్టు. ఆనుతున్నాయా?"

ఆమె తల వంచి పాదాల వైపు చూసుకుంది. ఆయన ఎదురుచూశారు.

"లేదు మాస్టారూ. మడమలు లేస్తాండాయి."

ఆయన లీవరు నొక్కారు. కుర్చీ కొంచెం దిగింది. "ఇప్పుడు?"

"ఇంకొంచెం."

మళ్ళీ నొక్కారు. చెక్కను దగ్గరికి జరిపారు. ఆ రెండు చిన్న పాదాలూ చెక్కమీద పూర్తిగా ఆని నిలబడడం చూశారు.

"ఇప్పుడెలా ఉంది? నిజం చెప్పు."

"ఇప్పుడు బాగుంది మాస్టారూ" అంది అమ్మణ్ణి.

లేవడానికి ఆయన బల్ల అంచు పట్టుకున్నారు. ఆమె చెయ్యి అందించింది. ఆ చెయ్యి పట్టుకుని లేచారేగానీ, ఆమె ముఖంలోకి చూడలేక, పక్క కుర్చీలో ఉన్న అమ్మాయి వైపు తిరిగి, "నీకెలా ఉందమ్మా?" అని అడిగారు.